ఈత కూడా రాని నాకు 300 మీటర్ల వాచీ మీద ఈ పిచ్చేంటి?

మూడోముల్లు:

ముందే చెప్పేస్తున్నా, నాకు ఈత రాదు. నీళ్లు మోకాలు దాటితే ఒడ్డు ఎంత దూరంలో ఉందో వెనక్కి తిరిగి చూసుకునే రకం. అలాంటి నేను పదిరోజులుగా రాత్రి పడుకునేముందు ఫోన్లో చూస్తున్నది ఒక్కటే, 300 మీటర్ల లోతుదాకా నీళ్లని తట్టుకునే డైవింగ్ వాచీ రోలెక్స్ సబ్‌మరీనర్ ఫోటోలు. మా ఆవిడ ఒకసారి తొంగి చూసి "అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, ఇన్నిసార్లు ఏం చూస్తున్నావ్" అంది. నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఇక్కడికొచ్చా.

జరిగిందేంటంటే, మా బావ దగ్గర ఒక పాత సబ్‌మరీనర్ ఉంది, వాళ్ల నాన్నగారిది. ఆయన పోయాక బీరువాలోనే ఉండిపోయింది. మొన్న వాళ్లింటికి వెళ్తే మాటల్లో వాచీల సంగతొచ్చి, తీసి నా చేతిలో పెట్టాడు. ఒక పూటంతా పెట్టుకుని తిరిగా. నాకున్నవి రెండే వాచీలు, ఒకటి సెల్లుది, ఇంకోటి మామూలు ఆటోమేటిక్. వాటిని టైం కోసమే చూస్తా. దీన్ని మాత్రం టైం తెలిశాక కూడా చూస్తూనే ఉన్నా. అద్దం చుట్టూ ఉన్న ఆ నల్ల వలయాన్ని, అదే బెజెల్‌ని, తిప్పితే ఒక్కో మెట్టుకి ఒక్కో టిక్కు, పక్కనున్నవాళ్లు చిరాకుపడి ఆపమనేదాకా తిప్పుతూ కూర్చున్నా.

అలాగని అన్నీ నచ్చాయని కాదు. చైను డొల్లగా గలగలలాడుతోంది. తేదీ మీద బుడిపెలా ఓ భూతద్దం. డయల్ మీద తెల్లగా ఉండాల్సిన చుక్కలు మీగడరంగుకి తిరిగాయి. అన్నిటికన్నా విచిత్రం, లైటు ఆర్పితే ఒక్క చుక్క కూడా వెలగట్లేదు. చీకట్లో కనపడటం కోసమే కదా డైవింగ్ వాచీ!

నా ప్రశ్న సూటిగా: ఇది హోదా కోసం పెట్టుకునే వస్తువేనా, లేక వాచీలు సేకరించేవాళ్లు ఇందులో నాకు కనపడనిది ఇంకేదైనా చూస్తున్నారా? "పెట్టుబడి" అనే మాట మాత్రం దయచేసి ఎత్తకండి, ఆ లెక్కలు చెప్పేవాళ్లు బయట చాలామంది ఉన్నారు.

---

లోతుకొలత:

అన్నీ ఒకేలా ఉన్నాయి అన్నారు చూడండి మీ ఆవిడ, అసలు కిటుకు అక్కడే ఉంది. 70 ఏళ్లుగా ఒకేలా ఉండటం మాటలు కాదు. 1953 నాటి కారు, ఫోను, కెమెరా ఏది తెచ్చి చూపించినా పాత సామాను అంటారు. ఆ ఏడాది తయారైన సబ్‌మరీనర్‌ని ఇవాళ చేతికి పెట్టుకుని బయటికెళ్తే కొత్తది కొన్నావా అని అడుగుతారు.

కొంచెం వెనక్కి వెళ్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగడం సైనికుల పని మాత్రమే కాకుండా సరదాగా కూడా మొదలైంది. సిలిండర్‌లో గాలి ఇంతసేపే వస్తుందని లెక్క. లోపలికెళ్లాక ఎంతసేపైందో తెలియకపోతే అంతే సంగతులు. బ్లాంక్‌పాన్ అనే స్విస్ వాచీ కంపెనీని అప్పట్లో నడిపిన జాన్ జాక్ ఫీష్టర్ స్వయంగా డైవర్, ఒకసారి నీటి అడుగున టైం మర్చిపోయి గాలి అయిపోయేదాకా ఉండి ఎలాగో బతికి పైకొచ్చాడు. అటు ఫ్రెంచ్ సైన్యంలో నీటి కింద ఈదుతూ వెళ్లి దాడి చేసే దళాన్ని తయారు చేస్తున్న రోబేర్ మాలూబియే, క్లోద్ రిఫో కూడా సరిగ్గా ఇలాంటి వాచీ కోసమే వెతుకుతున్నారు. అలా 1953లో వచ్చింది ఫిఫ్టీ ఫాథమ్స్ అనే బ్లాంక్‌పాన్ వాచీ. ఫాథమ్ అంటే మన బార. రెండు చేతులూ చాపితే వచ్చే కొలత, ఆరడుగులు. యాభై బారలు, అంటే సుమారు 91 మీటర్లు. పేరులోనే కొలత పెట్టేశారు.

అదే ఏడాది రోలెక్స్ సబ్‌మరీనర్ కూడా తయారైంది, 1954లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వాచీల ప్రదర్శనలో జనానికి చూపించారు. మొదట్లో వచ్చిన 6204 అనే మోడల్ 100 మీటర్లదాకా తట్టుకునేది. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరైన రెనె పాల్ జానెరె కూడా డైవరే. ఎవరు ముందు అన్న గొడవలోకి నేను పోను, ఇక్కడ దాని మీద కొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లున్నారు.

ఇప్పుడు మీరు టిక్కు టిక్కుమని తిప్పిన ఆ బెజెల్ సంగతి. దాని మీద ఒక త్రికోణం ఉంటుంది చూడండి, నీళ్లలోకి దిగేముందు దాన్ని నిమిషాల ముల్లు ఎక్కడుందో అక్కడికి తిప్పి పెడతారు. ఇక లెక్కలేం లేవు. ముల్లు బెజెల్ మీద ఏ అంకె దగ్గరుంటే అన్ని నిమిషాలైనట్టు. కూడిక లేదు, తీసివేత లేదు. లోతుకెళ్లాక బుర్ర మొద్దుబారుతుంది, చిన్న లెక్క కూడా తప్పుతుంది కాబట్టి ఇలా చేశారు. పాత సబ్‌మరీనర్లలో బెజెల్ రెండు వైపులా తిరిగేది. ఇప్పుడు ఒక్క వైపే తిరుగుతుంది. ఎందుకంటే రాయికో పడవకో తగిలి అది జరిగినా, గడిచిన టైం ఉన్నదానికంటే ఎక్కువ చూపించాలి తప్ప తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే ఓ ఐదు నిమిషాలు ముందే పైకొస్తారు. తక్కువ చూపిస్తే అసలు రారు.

డయల్ కూడా అంతే. 12 దగ్గర త్రికోణం, 6, 9 దగ్గర గీతలు, 3 దగ్గర గీత లేదా తేదీ, మిగతావి గుండ్రటి చుక్కలు. వాచీ ఎటు తిరిగి ఉన్నా, చీకట్లో ఏది పైనో ఏది కిందో కన్ను వెంటనే పట్టేస్తుంది. గంటల ముల్లు మీద ఆ వలయం ఉండబట్టి నిమిషాల ముల్లుతో పొరబడే అవకాశమే లేదు. అందం కోసం పెట్టింది ఒక్కటీ లేదు, అయినా అందంగా ఉంది. నాకు దీనిమీద మోజు కలిగింది ఇక్కడే, ఇంకెక్కడా కాదు.

---

నిక్కచ్చి:

లోతుకొలత గారూ, బాగా రాశారు, కానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా, తిట్టుకోకండి.

మీరు చెప్పినలాంటి డైవింగ్ వాచీలు జపాన్ కంపెనీ సీకో వాళ్లు 1965 నుంచీ చేస్తున్నారు. 1996 నుంచి 2019 దాకా వచ్చిన ఎస్‌కేఎక్స్007 అనే మోడల్ కూడా అదే పని చేసేది, 200 మీటర్లు, ఒక్క వైపే తిరిగే బెజెల్, చీకట్లో టార్చిలైటులా వెలిగే చుక్కలు. డైవింగ్ వాచీ అంటే ఏంటో ఐఎస్‌ఓ 6425 అనే ప్రమాణం ఒకటుంది. 100 మీటర్లయినా తట్టుకోవాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైం కనపడాలి, చెప్పిన లోతు కన్నా నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడి పెట్టి చూడాలి, ఇలా. ఆ పరీక్షకి వాచీ ఖరీదుతో సంబంధం లేదు. పనే ముఖ్యమైతే అందరూ సీకో పెట్టుకోవాలి. పెట్టుకోవట్లేదే?

1962లో మొదటి బాండ్ సినిమాలో షాన్ కానరీ చేతికి 6538 సబ్‌మరీనర్ ఉంది. ఆ తర్వాత 1964 సినిమాలో, తెల్ల కోటు సీను గుర్తుందా, సిగరెట్ వెలిగిస్తూ వాచీ చూసుకుంటాడు, దానికి కట్టిన చారల పట్టా, వాచీకి పట్టా తగిలించే కొమ్ముల మధ్య ఖాళీ కన్నా సన్నగా ఉండి రెండు పక్కలా సందులు కనపడుతుంటాయి. సరిపోని పట్టా! ఇవాళ దాన్ని కూడా కావాలని కొని కట్టుకునేవాళ్లున్నారు. ఇది డిజైన్ మీద ప్రేమ అంటారా?

ఇంకోటి. 1980ల నుంచి డైవ్ కంప్యూటర్లు వచ్చేశాయి. లోతు, టైం, పైకి ఎంత మెల్లగా రావాలి, అన్నీ అదే చెప్తుంది. ఆ రోజు నుంచి ఈ వాచీలకి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాకే రేటు పెరిగింది చూడండి, అదీ వింత. షాపుకెళ్తే పేరు రాసుకుని పంపిస్తారు, నెలలో ఏళ్లో ఎదురుచూడాలి. దొరకదు అన్నదే సగం ఆకర్షణ. మూడోముల్లు గారూ, మీకు నచ్చితే కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ "ఇది పనిముట్టు, అందుకే నచ్చింది" అని మాత్రం మిమ్మల్ని మీరు నమ్మించుకోకండి.

---

బుడుంగు:

నీళ్లలోకి నిజంగా దిగేవాడు ఒక్కడైనా మాట్లాడాలి కాబట్టి వచ్చా.

నిక్కచ్చి అన్న చెప్పింది నిజమే, లోపల నేను చూసేది కంప్యూటర్‌నే. వాచీ ఎడమచేతికి ఊరికే ఉంటుంది. ఏళ్లతరబడి ఊరికే ఉంది. ఒకరోజు 18 మీటర్ల దగ్గర కంప్యూటర్ తెర ఒక్కసారి మిణుక్కుమని నల్లబడింది. బ్యాటరీ. ముందురోజు మార్చాల్సింది, బద్ధకించా, తప్పు నాదే. నాతో ఉన్నతనికి సైగ చేసి ఇద్దరం పైకి బయల్దేరాం. మామూలుగా 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం, ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి. అక్కడ తాడు పట్టుకుని వేలాడుతూ, గ్లవ్స్ వేసుకున్న చేత్తో బెజెల్ తిప్పి త్రికోణాన్ని ముల్లుకి కలిపా. పక్కవాడి కంప్యూటర్ ఉంది కాబట్టి ప్రాణాలు ఈ వాచీయే కాపాడింది అని డబ్బా కొట్టను. కానీ ఆ మూడు నిమిషాలు నేను చూసింది నా చేతినే. గ్లవ్స్‌తో పట్టు జారకుండా తిరిగింది. అంచున పళ్లు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి, దీనికి నేను చాలా తిట్లు తిన్నా. సబ్‌మరీనర్ కాదు నాది, వేరేది, కానీ మర తిప్పి బిగించే క్రౌన్, అంటే టైం సరిచేసే పక్క పిడి, అన్నిటికీ ఒకటే. పొద్దున టైం సరిచేసి క్రౌన్‌ని లోపలికి నొక్కా, మర తిప్పి బిగించడం మర్చిపోయా. నీళ్లలోకి దిగా. పైకొచ్చాక అద్దం లోపల మంచుపట్టినట్టు తెల్లటి పొర. 300 మీటర్లు అని డయల్ మీద రాసుంటే ఏం లాభం, రెండు మీటర్లకే నీళ్లెక్కాయి. ఉప్పునీళ్లు కాబట్టి ముళ్లు, డయల్, లోపలి మర అన్నీ మార్చాల్సొచ్చింది. మూడోముల్లు గారూ, మీ బావ గారికి చెప్పండి, అంత పాత వాచీని ఒత్తిడి పరీక్ష చేయించకుండా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దని. రబ్బరు వాషర్లు ఎండిపోయి ఉంటాయి.

---

పాతపెట్టె:

అందరూ వాచీ ఎందుకు పుట్టిందో చెప్తున్నారు, అడిగింది సేకరించేవాళ్లు ఏం చూస్తారని. నేను పాతికేళ్లుగా వీటితోనే ఉన్నా. కొన్నవి తక్కువ, చేతిలోకి తీసుకుని చూసి తిరిగిచ్చినవి చాలా ఎక్కువ.

మొత్తం రూపం మారదు కాబట్టి చిన్న మార్పు కూడా పెద్దదైపోతుంది, ఇదీ మా జబ్బు. 1959లో 5512 అనే మోడల్ వచ్చినప్పుడు క్రౌన్‌కి రెండు వైపులా రక్షణగా భుజాలు పెట్టారు. మొదట్లో చతురస్రంగా, తర్వాత మొనదేలి, ఆ తర్వాత గుండ్రంగా. ఆ భుజాల ఆకారం చూసి ఏ కాలానిదో చెప్పేవాళ్లున్నారు. 1960ల చివర్లో తేదీతో 1680 వచ్చింది, మొదటి కొన్నేళ్లు సబ్‌మరీనర్ అన్న పేరు డయల్ మీద ఎర్రటి అక్షరాల్లో ఉండేది. ఆ ఒక్క ఎర్ర లైన్ కోసం జనం పడే పాట్లు చెప్తే నవ్వుతారు. లోతు ముందు మీటర్లలో రాసి తర్వాత అడుగుల్లో రాశారా, లేక అడుగులు ముందా, దాని మీద కూడా రాత్రుళ్లు చర్చలు జరుగుతాయి. 1970ల చివర్లో 16800తో ప్లాస్టిక్ అద్దం పోయి అంత తేలిగ్గా గీతలు పడని నీలమణి అద్దం వచ్చింది, లోతు 300 మీటర్లయింది. నిక్కచ్చికి ఇదంతా పిచ్చిగా కనపడొచ్చు. పిచ్చే. కానీ ఇది డబ్బు పిచ్చి కాదు బాబూ, కవల పిల్లల్లో ఎవరు ఎవరో వాళ్లమ్మ చెప్పగలదే, అలాంటి చూపు.

ఇప్పుడు మూడోముల్లు గారికి రెండు ప్రశ్నలు. మీ బావ గారి వాచీలో డయల్ అట్టడుగున, 6 దగ్గర, అద్దం అంచున చీమంత అక్షరాలుంటాయి, ఏమని ఉంది? చైను తగిలించే కొమ్ములకి బయటి పక్క సూదిమొన పట్టే రంధ్రాలున్నాయా? వెలగట్లేదని, మీగడరంగని అన్నారు కదా, అది విన్నప్పటి నుంచి నాకు చెయ్యి దురద పుడుతోంది.

---

మూడోముల్లు:

వాచీ నా దగ్గర లేదు కానీ ఆరోజు తీసిన ఫోటోలు ఉన్నాయి. జూమ్ చేసి చూశా. కింద "స్విస్ – టి < 25" అని ఉంది. కొమ్ములకి రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి. తేదీ ఉంది, అద్దం మీద గీతలు లేవు, బెజెల్ ఒక్క వైపే తిరిగింది. బెజెల్ నలుపు కొంచెం వెలిసి ముదురు బూడిదరంగులోకి వచ్చింది.

అన్నట్టు, దాన్ని సర్వీసుకి ఇస్తున్నానని బావ అన్నాడు, డయల్ పాతబడిపోయింది కదా, కొత్తది వేయించి, పాలిష్ పెట్టించి తళతళలాడేలా చేయిస్తానన్నాడు. మంచిదే అన్నా నేను.

---

పాతపెట్టె:

మంచిదే అన్నారా!! ముందు ఆయనకి ఫోన్ చేసి డయల్ మార్చొద్దు, పాలిష్ పెట్టించొద్దు అని చెప్పండి. ఫోన్ చేశాక మిగతాది చదవండి.

చేశారా? సరే. "టి" అంటే ట్రిటియం. చీకట్లో వెలగడానికి మొదట్లో వాచీలకి రేడియం పూసేవారు, అది ప్రమాదమని 1960లలో మానేసి ట్రిటియంకి మారారు. దాని రేడియోధార్మికత 25 మిల్లీక్యూరీల కన్నా తక్కువే ఉందని చెప్పడానికి ఆ గుర్తు. రోలెక్స్ 1990ల చివరిదాకా దాన్నే వాడింది. ట్రిటియం శక్తి పన్నెండేళ్ల చిల్లరకి సగమైపోతుంది, ఇంకో పన్నెండేళ్లకి అందులో సగం, దాంతోపాటు వెలిగే రసాయనం కూడా అలిసిపోతుంది. కాబట్టి వాచీ పాడవలేదు, వయసైంది. ఆ మీగడరంగు వచ్చిందీ అందుకే. తేదీ, నీలమణి అద్దం, ఒక్క వైపే తిరిగే బెజెల్, రంధ్రాలున్న కొమ్ములు, ట్రిటియం, ఇవన్నీ కలిపితే 1980ల చివరికీ 1990ల చివరికీ మధ్య వచ్చిన 16610 అయ్యుండాలి. 16800 కూడా కావచ్చు. చైను విప్పితే కొమ్ముల మధ్య, 12 వైపు మోడల్ నంబరు, 6 వైపు సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. అది చూస్తే తేలిపోతుంది.

మీకు నచ్చలేదన్న ఆ డొల్ల చైను కూడా ఆ కాలానిదే. ఇప్పుడొచ్చేవి గట్టిగా, బరువుగా ఉంటాయి, బకిల్ దగ్గర చెయ్యి ఉబ్బితే 2 మిల్లీమీటర్ల చొప్పున వదులు చేసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. ఏ మాటకామాట, అది చాలా హాయి. బెజెల్ కూడా 2010 నుంచి పింగాణీలాంటి సిరామిక్, గీత పడదు, వెలవదు. నాకు మాత్రం వెలిసేదే ఇష్టం. ఎండలో ఉప్పునీళ్లలో తిరిగినవాడి అల్యూమినియం బెజెల్ ఒకలా, ఆఫీసులో కూర్చున్నవాడిది ఒకలా వెలుస్తుంది.

పాలిష్ ఎందుకు వద్దన్నానంటే, నా కథ చెప్పాల్సిందే. చాలా ఏళ్ల క్రితం 5513 అనే మోడల్ సబ్‌మరీనర్ ఒకటి దొరికింది నాకు. కొమ్ముల పై అంచున సన్నటి ఏటవాలు గీత ఉంటుంది, వేలితో తడిమితే కత్తి అంచులా తగులుతుంది. దాన్ని మర శుభ్రం చేసి నూనె పెట్టమని ఒకచోట ఇచ్చా. చెప్పింది అంతే. తిరిగి చేతికొచ్చింది అద్దంలా మెరుస్తోంది. కొమ్ములు సబ్బు అరిగినట్టు అరిగాయి. ఆ గీత లేదు. పైగా ముళ్లు పాతబడ్డాయని ఉచితంగా కొత్తవి వేశారట, తెల్లటి ముళ్లు, కింద తేనెరంగు చుక్కలు, ముసలాయన నోట్లో పాలపళ్లు పెట్టినట్టుంది. పాత ముళ్లు ఏవయ్యా అంటే పారేశామన్నారు. తప్పు వాళ్లదనీ అనలేను, వాళ్ల దృష్టిలో వాళ్లు మంచి పనే చేశారు. పాలిష్ పెట్టొద్దు, డయల్ ముట్టుకోవద్దు, తీసిన ప్రతి ముక్కా నాకు కావాలి అని కాగితం మీద రాయించుకోకపోవడం నా బుద్ధి తక్కువతనం. పోయిన లోహం తిరిగి రాదు. ఆ వాచీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పెట్టుకున్న ప్రతిసారీ బొటనవేలు అలవాటుగా ఆ అంచు కోసం వెళ్తుంది.

---

లోతుకొలత:

పాతపెట్టె గారి 5513 కథ నేను ఇప్పటికి మూడుసార్లు విన్నా, మూడుసార్లూ కడుపులో తిప్పింది.

---

మూడోముల్లు:

ఫోన్ చేశా. పొద్దున్నే ఇచ్చేశాడట!! బావేమో మీటింగ్‌లో ఉన్నాడు, రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి ఏమైంది ఎవరికైనా బాలేదా అని కంగారుపడ్డాడు. డయల్ మార్చొద్దు అని చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. షాపు నంబరు ఇచ్చాడు, ఎత్తట్లేదు. ఇలాంటి టెన్షన్ నా పెళ్లప్పుడు కూడా పడలేదు.

---

నిక్కచ్చి:

నా సీకోకి ఇలాంటి కష్టాలు లేవు అని చెప్పుకోవడానికి ఇదే మంచి సమయం అనుకుంటా.

సరదాకి అన్నాలెండి. షాపు వాళ్లు సాధారణంగా మొదటిరోజే విప్పరు, ముందు అంచనా రాసి పంపుతారు, మీరు ఒప్పుకున్నాకే పని మొదలవుతుంది. ఆ అంచనా కాగితంలో డయల్, ముళ్లు, పాలిష్ అన్న మూడు లైన్లూ కొట్టేయించండి. మర శుభ్రం చేయడం, రబ్బరు వాషర్లు మార్చడం, ఒత్తిడి పరీక్ష, ఇవి మాత్రం చేయించండి. వాడినా వాడకపోయినా నూనె ఎండిపోతుంది, అన్నేళ్లు బీరువాలో ఉన్నదాన్ని అలాగే తిప్పితే లోపల పళ్లు అరుగుతాయి.

ఇక మీరు కొనుక్కునే సంగతి. మీరు తిప్పి చూసింది పాత 40 మిల్లీమీటర్లది, సన్న కొమ్ములది. 2010 తర్వాత వచ్చినవి కొమ్ములు లావెక్కి చేతి మీద చతురస్రంగా కనపడతాయి, ఫోటో చూసి కొంటే మోసపోతారు. 2020లో వచ్చినవి 41 మిల్లీమీటర్లు అంటారు గానీ కొమ్ములు మళ్లీ సన్నబడ్డాయి, పెట్టి చూస్తే ముందుదానికన్నా చిన్నగా అనిపిస్తుంది. తేదీ మీద భూతద్దం చిరాకనిపిస్తే తేదీ లేనిది ఉంది. అంత పెట్టడం ఇష్టం లేకపోతే ట్యూడర్ కంపెనీ వాచీ బ్లాక్ బే 58 ఒకసారి చేతికి పెట్టి చూడండి, 39 మిల్లీమీటర్లు, 200 మీటర్లు, 1950ల నాటి పోకడ. చూశారా, నేను కూడా ఎక్కడికొచ్చి ఆగానో.

---

బుడుంగు:

అన్నా, నీ దగ్గర సబ్‌మరీనర్ ఉందా లేదా? నిజం చెప్పు.

---

నిక్కచ్చి:

ఒకటి ఉంది. తేదీ లేనిది. అది వేరే సంగతి.

---

మూడోముల్లు:

నాలుగు రోజులు కనపడనందుకు సారీ. షాపు వాళ్లు ఆరోజు సాయంత్రం ఎత్తారు. వెనక మూత తీశారు కానీ డయల్ జోలికి వెళ్లలేదు. పాలిష్ అక్కర్లేదంటే "అలాగే ఉంచేస్తారా?" అని రెండుసార్లు అడిగారు. చైను విప్పినప్పుడు నంబరు చూసి చెప్పమన్నా. 16610. పాతపెట్టె గారూ, మీకు దణ్ణం.

నిన్న బావతో వెళ్లి తెచ్చుకున్నాం. దారిలో మీరు చెప్పినవన్నీ చూపించా, టి అక్షరం, రంధ్రాలు, వెలిసిన బెజెల్. కొమ్ము అంచు మీద వేలు పెట్టి తడమమన్నా, అంచు ఉంది, పదును కొంచెం తగ్గింది కానీ ఉంది. బకిల్ లోపలి వైపు చిన్న సొట్ట కనిపించింది. అది చూసి బావ చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్న స్కూటర్ మీంచి పడ్డప్పటిదట, అప్పుడు తను ఆరో తరగతట. ఆ బకిల్ కూడా మార్పించేద్దామనే అనుకున్నాడట.

వాచీ ఇంకోసారి ఒక్కపూట ఇస్తావా అని అడిగా. ఇవ్వనన్నాడు. ఇప్పుడు రాత్రి పడుకునేముందు వాడు కూడా బెజెల్ తిప్పుతూ కూర్చుంటున్నాడని మా అక్క ఫోన్ చేసి నన్ను తిట్టింది.

నిక్కచ్చి గారూ, ఆ బ్లాక్ బే 58 పట్టా ఎన్ని మిల్లీమీటర్లు?

---

నిక్కచ్చి:

20.